‘ఒక్కపారి అయిపోతది’: పాలమూరు, నల్లగొండ ఆడవాళ్లకు ప్లానింగ్ అంటే ఆపరేషనే ఎందుకైంది?

దేవరకొండ వైపు మా చిన్నమ్మ వాళ్ల చేన్లో పత్తి ఏరుతున్నారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్దులు విప్పినప్పుడు నేను కాక ఏడుగురు ఆడవాళ్లు ఉన్నారు. కూలి రేటు నుంచి కోడళ్ల మీదికి, కోడళ్ల నుంచి కాన్పుల మీదికి మాట మళ్లింది. ఎవరికి ‘ప్లానింగ్’ ఎప్పుడైందో చెప్పుకోవడం మొదలుపెట్టారు. సంవత్సరం ఎవరికీ గుర్తులేదు. ఒకామె ‘చిన్నోడు పుట్టిన ఏడో దినం’ అంది. ఇంకొకామె ‘పునాకు పోయే ముందు, పీర్ల పండుగ అయినంక’ అంది. మా చిన్నమ్మకు అప్పుడు ఇరవై రెండేళ్లు అయి ఉండాలి. ఇప్పుడు నలభై దాటలేదు, అమ్మమ్మ అయింది.

మాత్రలు గానీ కాపర్-టి గానీ ఎవరైనా వాడారా అని అడిగాను. నవ్వారు. ‘మళ్ల మళ్ల దవాఖాన సుట్టు ఎవలు తిరుగుతరు బిడ్డా? ఆపరేషన్ అయితే ఒక్కపారి అయిపోతది’ అంది అందరికన్నా పెద్దామె.

ఆమె అన్నదే లెక్కల్లోనూ కనిపిస్తుంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో 61.9 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 37.9 శాతం. మన దగ్గర ఆధునిక పద్ధతి ఏదో ఒకటి పాటిస్తున్నవాళ్లు 66.7 శాతం. అంటే మాత్రలు, నిరోధ్, కాపర్-టి, సూది, చివరికి మగవాళ్ల ఆపరేషన్ కూడా కలిపి చూసినా నూటికి అయిదు దాటవు.

ఊళ్లో మాట వాడే తీరులోనే ఈ సంగతి ఉంది. ‘ఫ్యామిలీ ప్లానింగ్ అయిందా?’ అంటే ఆపరేషన్ అయిందా అని. ప్లానింగ్ అంటే ముందు ఆలోచించుకునేది కదా, ఎప్పుడు కనాలి, ఎంత ఎడం ఉండాలి అని. మన దగ్గర మాత్రం అది ‘అయిపోయేది’. కాన్పుల వరస ముగిశాక పెట్టే ఫుల్‌స్టాప్. పెళ్లికీ మొదటి బిడ్డకీ మధ్య, మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య ఉండే కాలానికి మన వాడుకలో పేరే లేదు.

దీన్ని చదువు లేకపోవడం, అవగాహన లేకపోవడం అని కొట్టిపారేస్తుంటారు. నాకైతే ఆ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆ వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లకు తమ బతుకు లెక్కలు బాగానే తెలుసు. పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాద్ అడ్డాలకు వలసపోయే కుటుంబం ఒక చోట ఆరు నెలలు ఉండదు. సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎం దగ్గర తీసుకున్న మాత్రల పత్తా అయిపోయేసరికి వాళ్లు ఎక్కడో ఒక అపార్ట్‌మెంటు పునాదుల పక్కన రేకుల షెడ్డులో ఉంటారు. అక్కడ ఏ ఆశా కార్యకర్త పరిధిలోకి వస్తారో వాళ్లకే తెలియదు. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవాలంటే ఇంట్లో అది దాచుకునే చోటు ఉండాలి, అత్త అడిగితే చెప్పే ధైర్యం ఉండాలి. నిరోధ్‌కైతే మొగుడు ఒప్పుకోవాలి. తాగొచ్చిన రాత్రి ఆ మాట ఎత్తేదెవరు? ఇన్ని ‘ఉండాలి’ల మధ్య ఆపరేషన్‌కు కావాల్సింది ఒక రోజు సెలవు, తోడుగా తల్లో ఆడబిడ్డో, తర్వాత కొన్నాళ్లు పని మానుకోవడం. అంతే. ఆమె లెక్కలో తప్పేం లేదు. ఆమె చేతిలో మిగిలిన దారులే తక్కువ.

ఆ దారులు తగ్గిపోవడానికి చరిత్ర కూడా ఉంది. మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే మొదలైంది. మొదటి రెండు దశాబ్దాలు గడిచేసరికి ఎక్కువగా జరుగుతున్నవి మగవాళ్ల ఆపరేషన్లే. ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో 60 లక్షలకు పైగా మగవాళ్లవి. బలవంతంగా బండెక్కించారన్న కోపం 1977 ఎన్నికల్లో ఓట్లయి బయటపడింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు. కార్యక్రమం ఆగలేదు, మనిషిని మార్చుకుంది. మొగుడి బదులు పెళ్లాం వచ్చి బల్ల మీద పడుకుంది. మగవాళ్లకు కోపం వస్తే ప్రభుత్వం పడిపోయింది. ఆడవాళ్ల విషయంలో ఆ భయం ఎవరికీ కలగలేదు.

వేసెక్టమీ, అంటే మగవాళ్ల ఆపరేషన్, నిజానికి చిన్న పని. కోత లేని పద్ధతిలో పావుగంటలో అయిపోతుంది, మత్తు సూది ఆ చోటికే ఇస్తారు, నడుచుకుంటూ ఇంటికి పోవచ్చు. కడుపు తెరవనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త ఉంది: వెంటనే పనిచేయదు, మూడు నెలలు ఆగి వీర్య పరీక్ష చేయించుకునేదాకా వేరే పద్ధతి వాడాలి. ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహకం కూడా ఆడవాళ్లకన్నా మగవాళ్లకే ఎక్కువ. అయినా పాలమూరులో, నల్లగొండలో ‘మొగోడు బరువు ఎత్తలేడు, పనికి పనికిరాడు’ అనే మాటే చెల్లుతుంది. నేను విన్నంతవరకు ఈ మాట గట్టిగా అనేది ఆడవాళ్లే. ‘ఆయన మంచం పడితే ఇల్లు ఎట్ల గడుస్తది?’ అంటారు. అదే ఆడది ఆపరేషనైన నెలలోపే తలమీద నీళ్ల బిందె ఎత్తుకుంటుంది. తెలంగాణలో అందరూ ఇలాగే ఉన్నారని కాదు. ఉమ్మడి కరీంనగర్‌లో కోత లేని వేసెక్టమీలు ఒకప్పుడు బాగా జరిగాయి. అంటే మగవాళ్లు ఒప్పుకోరన్నది రాసిపెట్టి ఉన్నదేమీ కాదు.

మరోవైపు చట్టమూ తన పని తాను చేసింది. 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులయ్యారు. 2018లో తెలంగాణ తెచ్చుకున్న చట్టంలోనూ ఆ నిబంధన కొనసాగింది. ప్రభుత్వాస్పత్రిలో కాన్పయితే ఇచ్చేలా 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ డబ్బులు కూడా మొదటి రెండు కాన్పులకే. ‘ఇద్దరు చాలు’ అన్న మాట గోడ మీది రాత నుంచి ఇంటి లెక్కలోకి దిగింది. ఇప్పుడు గాలి మారింది. రాష్ట్రంలో సగటున ఒక మహిళకు పుట్టే పిల్లల సంఖ్య 1.8కి, అంటే జనాభా నిలకడగా ఉండటానికి కావాల్సిన 2.1 కన్నా కిందికి, ఎప్పుడో పడిపోయింది. పక్క రాష్ట్రంలో ముఖ్యమంత్రే 2024లో ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. తెలంగాణ 2025లో ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. ముప్పై ఏళ్లు వద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. రెండుసార్లూ అడిగింది ఆమెను కాదు.

ఇక ఎడం కోసం వాడే పద్ధతుల సంగతి. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే భయాలన్నీ వీటి చుట్టూనే ఉన్నాయి. ఆ భయాల్లో సగం నిజం, సగం పుకారు.

ముందు కాపర్-టి సంగతి చూద్దాం. గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం ఇది. కాన్పయిన 48 గంటల్లోపే వేయొచ్చు, ఒక రకం పదేళ్లు, ఇంకో రకం అయిదేళ్లు పనిచేస్తుంది, తీసేస్తే వెంటనే గర్భం రావచ్చు. ‘అది పైకి పోయి గుండెకు పట్టుకుంటది’ అన్నది వట్టి మాట. గర్భసంచికీ గుండెకూ దారి లేదు. అయితే వేసిన మొదటి మూణ్నాలుగు నెలలు ముట్టు ఎక్కువ కావడం, పొత్తికడుపు నొప్పి రావడం మామూలే. తెలంగాణ ఆడవాళ్లలో సగం మందికి పైగా, అదే సర్వే లెక్కలో 57.6 శాతం మందికి, రక్తహీనత ఉంది. అసలే రక్తం లేని మనిషికి అయిదు రోజుల ముట్టు ఎనిమిది రోజులైతే పత్తి చేన్లో ఆమె కళ్లు తిరిగి పడిపోతుంది. ఈ ఇబ్బంది ఉంటుందని వేసేముందే చెప్పి, ఐరన్ మాత్రలిచ్చి, నెల తర్వాత పిలిచి చూస్తే చాలామంది ఉంచుకుంటారు. కాన్పు నొప్పుల మధ్య ‘వేస్తున్నాం’ అని ఒక్క మాట చెప్పి వేసేస్తే మాత్రం, రెండో నెలలోనే తీయించేసుకుని, ఊరంతా తిరిగి చెప్తారు. ఒకరు తీయించుకున్న కాపర్-టి పదిమందిని ఆపుతుంది.

‘అంతర’ సూది 2017 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లోకి వచ్చింది. మూడు నెలలకు ఒకసారి. వలసపోయేవాళ్లకు, ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకు ఇది బాగా కుదరాలి. కానీ దీంతో చాలామందికి ముట్టు తప్పిపోతుంది, లేదా ఎప్పుడు పడితే అప్పుడు మరకలు కనిపిస్తాయి. మన నమ్మకంలో ముట్టు అంటే చెడు రక్తం బయటికి పోవడం. అది ఆగితే లోపల గడ్డకట్టి కడుపు ఉబ్బుతుందని భయం. నిజానికి సూది మందు వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పెరగదు కాబట్టి రాలిపోవడానికి ఏమీ ఉండదు, లోపల ఏదీ నిలవ ఉండదు. ఈ ఒక్క ముక్క బొమ్మ గీసి చెప్తే ఎంత టెన్షన్ తగ్గుతుందో! ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సూది మానేశాక గర్భం రావడానికి సగటున ఏడు నుంచి పది నెలలు పడుతుంది. ఇది తెలియక కొత్త పెళ్లికూతురికి వేయిస్తే, ఏడాదిలో ‘గొడ్రాలు’ అన్న మాట పడుతుంది.

‘ఛాయ’ మాత్ర హార్మోన్ లేనిది, మన లక్నో పరిశోధన సంస్థలో తయారైంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. దీని గురించి మా చేన్లో ఏడుగురిలో ఒక్కరూ వినలేదు.

పాలిచ్చినన్నాళ్లు కడుపు రాదన్న నమ్మకం మాత్రం అందరికీ ఉంది. అది పూర్తిగా తప్పేమీ కాదు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టకూడదు, ముట్టు మళ్లీ మొదలై ఉండకూడదు. ఈ మూడూ ఉంటేనే అది పనిచేస్తుంది. బిడ్డను అవ్వ దగ్గర వదిలి, సీసా పాలు పట్టించి, పొద్దున ఆరింటికి కూలికి పోయే తల్లికి ఆ రక్షణ ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆమెకు నెల తప్పాకే తెలుస్తుంది.

అప్పుడు ఆమె వెళ్లేది దవాఖానకు కాదు, మెడికల్ షాపుకు. ‘నెల తప్పింది, గోళీలియ్యి’ అంటే అయిదు మాత్రల కిట్టు చేతిలో పెడతారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఇక్కడ రెండు మందుల్ని కలిపేసుకుని ఒకటే అనుకుంటారు. కలిసిన 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర గర్భం రాకుండా ఆపేది, వచ్చిన గర్భాన్ని అది ఏమీ చేయలేదు. అయిదు మాత్రల కిట్టు వచ్చిన గర్భాన్ని తీసేసేది. తొమ్మిది వారాల లోపు, డాక్టర్ చూసి ఇస్తే అది సురక్షితమైనదే. ఎన్ని వారాలో తెలియకుండా, గర్భం ట్యూబులో ఉందో సంచిలో ఉందో చూడకుండా, ఒంట్లో రక్తం ఏడో ఎనిమిదో గ్రాములున్నప్పుడు వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చట్టం మాత్రం ఆమె పక్షాన ఉంది. గర్భనిరోధక పద్ధతి విఫలమైందన్న కారణంతో 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. 2021 సవరణ తర్వాత ఇందుకు పెళ్లయి ఉండాలన్న షరతు కూడా పోయింది. ప్రభుత్వాస్పత్రిలో అడగడానికి సిగ్గు, అక్కడ పడే మాటలు, భర్త ఏడి అనే ప్రశ్న, ఇవే ఆమెను షాపు కౌంటరు దగ్గరికి తోస్తున్నాయి.

ఇంత గజిబిజి పడ్డాక రెండో కాన్పు కాగానే ‘ఒక్కపారి అయిపోతది’ అనుకోవడంలో వింతేముంది? పైగా రాష్ట్రంలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. రెండోసారి కడుపు కోసినప్పుడే ట్యూబులూ కట్టేస్తారు. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి 18 నిండకముందే పెళ్లవుతున్న రాష్ట్రంలో, ఆ రెండో కాన్పు ఇరవై రెండుకో ఇరవై మూడుకో అయిపోతుంది. నిబంధన ప్రకారం ఆపరేషన్‌కు వయసు 22 దాటాలి, ఏడాది నిండిన బిడ్డ కనీసం ఒకరుండాలి. ఆధార్ కార్డులో వయసు ఎలా పడుతుందో మనందరికీ తెలిసిందే.

ఆపరేషన్ ఎలా చేస్తారన్నది కూడా చూద్దాం. ఊళ్లో డీపీఎల్ (డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ) అనే పద్ధతిలో కడుపులోకి గ్యాస్ పంపి, రెండు చిన్న రంధ్రాల్లోంచి లాప్రోస్కోపు అనే సన్నని గొట్టం లాంటి పరికరం దించి, ట్యూబులకు రింగులు వేస్తారు. అయిదారు నిమిషాల పని. అది చేయగల డాక్టర్లు తక్కువ కాబట్టి ఒక రోజు పెట్టి అందర్నీ పిలుస్తారు, అదే క్యాంపు. చలికాలంలో, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు రద్దీ ఎక్కువ. ఇన్ని ఆపరేషన్లు చేయాలన్న టార్గెట్లు 1996లోనే రద్దయ్యాయి, కాగితం మీద. చిక్కు ఆ పరికరం దగ్గర వస్తుంది. ఒకరి కడుపులోంచి తీసిన లాప్రోస్కోపును ఇంకొకరికి వాడేముందు క్రిమిసంహారక ద్రావణంలో కనీసం ఇరవై నిమిషాలు నానబెట్టాలి. అందుకే ఒక బృందం మూడు లాప్రోస్కోపులతో రోజుకు 30 మందికి మించి చేయకూడదని మార్గదర్శకాలు చెప్తున్నాయి.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో 34 మందికి చేశారు. కొద్దిరోజుల్లోనే ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు, మిగతావాళ్లను హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సు ఆ ఊరి మీదుగానే వెళ్తుంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి చేస్తే పదిమందికి పైగా ఆడవాళ్లు పోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో క్యాంపుల పద్ధతే ఆపేయమంది. ఆ గడువు 2019లో ముగిసింది.

ఆపరేషన్ అయినవాళ్లు చెప్పే మొదటి ఫిర్యాదు నడుం నొప్పి. ‘ఆపరేషన్ అయినప్పటి సంది నడుము పడిపోయింది’ అని వినని ఇల్లుండదు. వైద్యం ప్రకారం ట్యూబులు కట్టడానికీ నడుముకూ సంబంధం లేదు. అండాశయాలు అలాగే ఉంటాయి, హార్మోన్లు మారవు, ముట్టు వస్తూనే ఉంటుంది. అలాగని ఆ నొప్పి అబద్ధం కాదు. పద్దెనిమిదికి పెళ్లి, రెండు కాన్పులు, రక్తం లేకపోవడం, రోజంతా వంగి నాటు వేయడం, పత్తి ఏరడం, కొన్ని ఊళ్లలో దశాబ్దాల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు, ఇవన్నీ నడుము మీదే పడతాయి. ఆపరేషన్ ఒక్కటే ఆమెకు రోజు గుర్తున్న సంఘటన. అందుకే నేరం దాని మీద వేస్తుంది. ఆ నొప్పితో, తెల్లబట్టతో ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే ‘పిల్లలు అయిపోయారు కదా, సంచి ఎందుకు, క్యాన్సర్ వస్తుంది’ అంటారు. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే చోట్లలో తెలుగు రాష్ట్రాలు ముందున్నాయి. ముప్పై అయిదేళ్లకే సంచి తీయించుకున్నవాళ్లు మా చేన్లో ఏడుగురిలో ఇద్దరు. సంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు బోలుగా మారడం, ఒళ్లంతా ఆవిర్లు, నలభైకే అరవై ఏళ్ల ఒళ్లు, ఇవి ఆ తర్వాతి కథ. ఇరవై రెండుకు పిల్లలు ‘అయిపోవడం’ ఈ రెండో ఆపరేషన్‌కు బాట వేస్తోందని నా అనుమానం కాదు, నమ్మకం.

చాలామందికి తెలియని రెండు సంగతులు ఇక్కడే చెప్పాలి. ఆడమనిషి ఆపరేషన్‌కు భర్త సంతకం అవసరమని ఏ మార్గదర్శకంలోనూ లేదు, ఆమె అంగీకారం చాలు. అయినా మా బంధువొకామెను, పేరు చెప్పను, ఒక దవాఖానలో ‘మీ ఆయన్ని తోలుకరా’ అని రెండుసార్లు తిప్పి పంపారు. ఆయన ముంబయిలో ఉన్నాడు. మూడోసారికి ఆమె మళ్లీ నెల తప్పింది. రెండోది, ఆపరేషన్ కూడా అప్పుడప్పుడు విఫలమవుతుంది, వెయ్యి మందిలో అయిదుగురి దాకా. ప్రభుత్వాస్పత్రిలో చేయించుకుని మళ్లీ గర్భం వస్తే పరిహారం అడగొచ్చు, ఆ సంగతి తెలిసిన 90 రోజుల్లోపు. అందుకే ఆపరేషన్ సర్టిఫికెట్‌ను పాస్‌బుక్కుల సంచిలో భద్రంగా పెట్టుకోవాలి. అలా మళ్లీ నెల తప్పిన ఆడదాన్ని ఊరు ముందు అనుమానించేది ఆమె నడతనే. ఆ కాగితం ఆ రకంగా కూడా అవసరం.

ఆ సాయంత్రం పత్తి మూటలు కట్టాక చిన్నమ్మ వాళ్ల పక్కింటి కోడలు నా వెంట గట్టు దాకా నడిచింది. ఇరవై ఒక్కేళ్లుంటాయి, చంకలో పది నెలల ఆడపిల్ల. మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒక్క మాటా మాట్లాడలేదు, వాళ్ల అత్త ఎదురుగా కూర్చుంది మరి.

‘అక్కా, ఆ మూణ్నెల్ల సూది ఏసుకుంటే మా ఆయనకు తెలుస్తదా?’ అని అడిగింది.

తెలియదు, నువ్వు చెప్తే తప్ప, అన్నాను.

కాసేపు ఊరుకుంది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

‘ముట్టు ఆగుతదంటివి గదా. అట్లయితే మా అత్తకు తెలుస్తది.’